శనివారం బ్యాడ్జి

నా యారాలి కూతురికి మళ్లీ బ్యాడ్జి వచ్చింది. యారాలంటే మా మరిది భార్య. శంషాబాద్‌లో ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉంటాం. మా ఇద్దరి ఆడపిల్లలదీ ఒకే బడి, ఒకే తరగతి; నెలల తేడాతో వాళ్ల పిల్లే పెద్దది. ఆ పిల్లకు బ్యాడ్జి వచ్చిన ప్రతిసారీ నా కడుపు మండేది. అబద్ధమెందుకు?

ఆ బడిలో అదో పద్ధతి. వారమంతా మంచిగా నడుచుకున్న పిల్లకు శనివారం ప్రార్థన దగ్గర పసుపుపచ్చ బ్యాడ్జి ఇస్తారు. మార్కులతో పనిలేదు. అయితే పిల్ల దాన్ని తను పెట్టుకోకూడదు. ఆ మంచి గుణం ఇంట్లో ఎవరి దగ్గర నేర్చుకుందో వాళ్లకు అందరి ముందూ పెట్టాలి. పిల్లలతో పాటు పెద్దవాళ్లు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుంటారని పెద్ద టీచరమ్మ ఆలోచన కాబోలు.

పెట్టించుకునేది ఎప్పుడూ మా యారాలే. ఆ బ్యాడ్జితోనే కూరగాయలకు పోయేది, మంచినీళ్ల ట్యాంకరు దగ్గర నిలబడేది.

"ఏంది చెల్లె, దవాఖానల నర్సు లెక్క గిట్ల తిరుగుతున్నవ్?" అన్నాను ఒకసారి.

"ఏం జెయ్యాలక్కా, తీస్తే పిల్ల ఏడుస్తది" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఇంకా మండింది.

మా పిల్లకేం తక్కువ? ఇక నేనే తయారుచేయడం మొదలుపెట్టాను. పొద్దున జడ వేస్తూ రోజూ పాఠమే. టీచర్ రాగానే లేచి నిలబడు, కింద కాగితం కనపడితే తీసి డబ్బాలో వెయ్, కాకపోతే టీచర్ చూస్తున్నప్పుడే తియ్.

"ఎవ్వలు సూడకుంటే?" అంది పిల్ల.

"ఎవ్వలు సూడకుంటే ఎందుకే తీసుడు?" అన్నాను.

యారాలి పిల్లకు బ్యాడ్జి వచ్చిన రోజు నేను తలుపేసుకుని గిన్నెల మీద కోపం తీర్చుకునేదాన్ని. మా పిల్ల మాత్రం సిగ్గులేకుండా పక్క వాటాకు పోయి, యారాలు చేసిన సేమియా కడుపునిండా తినొచ్చేది.

చివరికి ఒక శుక్రవారం బడి నుంచి ఫోన్ వచ్చింది. రేపు మీ పాపకే బ్యాడ్జి, ఇంట్లోవాళ్లంతా రండి అన్నారు. నా కాళ్లు నేలమీద నిలవలేదు. పట్టుచీర తీశాను. పిన్ను గుచ్చితే చీర పాడవుతుందని కొంగు కింద మెత్తటి గుడ్డ కూడా పెట్టుకున్నాను. యారాలిని పనిగట్టుకుని వెంట తీసుకెళ్లాను, చూడనీ అని.

టీచర్ మైకు పట్టుకోగానే నెత్తి మీదుగా విమానం పోయింది. అది దాటేదాకా అందరూ ఆగారు. దాని మొహం మండ, ఇప్పుడే రావాలా!

"ఈ పాప, బ్యాడ్జి ఎవరికొచ్చినా అందరికంటే ముందు చప్పట్లు కొడుతుందండీ. తనకు రాలేదని ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు" అంది టీచర్.

ఇది నేనెప్పుడు నేర్పాను?

పిల్ల బ్యాడ్జి పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. నేను ముందుకు వంగాను. నన్ను దాటిపోయి యారాలి ముందు నిలబడింది.

"నాకెందుకు బిడ్డా? అమ్మకు పెట్టు, అమ్మకు" అంది యారాలు, కంగారుగా వెనక్కి జరుగుతూ.

"అమ్మ గిది నేర్పలే చిన్నమ్మా. అక్కకు వస్తే అమ్మ తలుపేసుకుంటది. నువ్వే నాతోని చప్పట్లు కొట్టిపిచ్చినవ్."

పిల్ల వెనకే వచ్చిన టీచర్ చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. బడంతా విన్నది. యారాలి కొంగుకు బ్యాడ్జి ఎక్కింది. నా కళ్లల్లో నిప్పులు పోసుకున్నట్టే అయింది.

తిరుగు ఆటోలో మొహం బయటికి తిప్పుకుని కూర్చున్నాను. యారాలు బ్యాడ్జి తీసి నా ఒళ్లో పెట్టబోతే చెయ్యి తోసేశాను. దాని జాలి నాకెందుకు?

పిల్ల నా మొహంలోకి చూసి గడ్డం పట్టుకుంది.

"పరేషాన్ గాకు అమ్మా. నువ్వు గూడ ఏదన్న మంచిది నేర్పు. ఇగ అప్పుడు నీకే పెడ్త."

ఏం నేర్పాలా అని దారి పొడుగునా వెతుక్కున్నాను. ఆటో ఇంటి ముందు ఆగింది. నాకింకా ఒక్కటీ తట్టలేదు.