ఒక్క చుట్టు ఎక్కువ

హీర్యన్న మా దుకాణంల అడుగుపెడితె ముందుగాల నాకు తలనొప్పి. మాట మెల్లగనే ఉంటది, చెయ్యే ఊకుండది. కౌంటర్ మీద కొడతడు, గోడ మీద కొడతడు, రిమ్ము మీద కొడతడు, కొట్టి చెవి పెట్టి వింటడు. ముప్పై ఏండ్ల సంది భూపాలపల్లి బొగ్గుబాయిల పైకప్పుకు బోల్టులు బిగించే పని ఆయనది. బాయిల దిగంగనే కప్పును కడ్డీతోని కొట్టి చూస్తరట. ఖంగుమంటె గట్టిగున్నట్టు, డొల్లగ పలికితె కూలేటట్టు. బాయిల అది మంచిదే. మా దుకాణంల ఆయన కొట్టి చూడనిది మా ఆయన బట్టతల ఒక్కటే.

మా ఆయన బ్రహ్మానందం. సైకిళ్ల దుకాణం బోర్డు మీద పేరు ఆయనది, లోపల కూసునేది నేను, రమాదేవి.

యాభై దాటినంక హీర్యన్నకు రేస్ సైకిల్ పిచ్చి పట్టింది. మహబూబాబాద్ దిక్కు తండాల బర్రెల ఎనుక తిరిగిన మనిషి, ఇప్పుడు నల్ల చెడ్డీ ఏసుకొని పొద్దుగాలనే రేగొండ రోడ్డు మీద వంగి తొక్కుతడు. "అక్కా, ఆ చెడ్డీ తీగ మీద ఆరేస్తె క్వార్టర్ల ఆడోళ్లంత నవ్వుతున్నరు" అని ఆయన భార్య గంగి నాతోని మొత్తుకున్నది.

డ్రిల్లు మిషిను పట్టీ పట్టీ ఆయన వేళ్లు తిమ్మిరెక్కుతయి. పోయినేడు నలభై దాటినోళ్ల పోటీ పెట్టిండ్రు, రేగొండ దాక పోయి తిరిగి రావాలె. బ్రేకు ఒత్తనీకి వేళ్లకు సోయి లేక సగంల దిగిండు. ఆటోల ఏసుకొని తెచ్చినం. ఈసారి గూడ సగంల దిగితె సైకిల్ అమ్మేస్తనని గంగికి మాటిచ్చిండు. మాటంటె మాటే ఆయనకు. అందుకే కార్బన్ హ్యాండిల్ కావాలని ఎంటపడ్డడు. రోడ్డు అదురు చేతులకు ఎక్కనియ్యదని ఎవరో చెప్పిండ్రట. కొంత నిజమే.

హైదరాబాద్ నుంచి మూడు తెప్పించిన. మొదటిదాన్ని గోటితోని కొట్టి, కింద పెట్టిండు.

"డొల్లగున్నదక్కా."

"డొల్లగుండకపోతె అది హ్యాండిల్ గాదన్నా, రోకలి."

రెండోది భుజాలకు ఆనిచ్చి చూస్తె అటు బెత్తెడు, ఇటు బెత్తెడు ఎక్కువున్నది. వెడల్పుంటె ధీమాగుంటది గద అన్నడు. భుజమెంతనో హ్యాండిల్ అంతే ఉండాలె, నువ్వేమన్న నాగలి కడుతున్నవా అని గదిమిన. మూడోది కుదిరింది. పది చోట్ల కొట్టి, కండ్లు మూసుకొని విని, "ఇది పలుకుతంది" అన్నడు. పెండ్లిచూపులల్ల గంగిని గూడ గింత సేపు చూడలేదట.

నేనే బిగించిన. కార్బన్‌కు కొలత పానా ఉంటది, అది టిక్కుమనంగనే ఆపాలె. "అన్నా, ఇగ దీన్ని ముట్టకు. ఇది ఇనుము గాదు, ఎక్కువ బిగిస్తె పగులుతది" అని రెండుసార్లు చెప్పిన. తలూపిండు. తలూపుట్ల ఆయనను మించినోడు లేడు. మిగిలిన రెండు వాపసు పంపిన.

పోటీనాడు పొద్దుగాల షట్టర్ లేపుతుంటె సైకిల్ పట్టుకొని వచ్చిండు, ఎనుక గంగి. హ్యాండిల్ నడుమ బోల్టుల పక్కన కొట్టిండు.

"ఇక్కడ పలుకుతలేదక్కా."

నాకు అంతా ఒక్క తీరుగనే వినవడ్డది. కోపమొచ్చింది. "ఇంకొక గంటకు పోటీ పెట్టుకొని ఏంది గిది? భయమైతె భయమని చెప్పు" అన్న. ఆ మాట అనకుండ ఉంటె బాగుండు.

"గిట్ల పలికిన కప్పు కిందికి నేనెన్నడు పోలే అక్కా" అన్నడు మెల్లగ. "పోయినోళ్లను మోసుకొచ్చిన."

నేను బోల్టులు ఇప్పిన. లోపల వెంట్రుకంత పగులు.

"ఎవరు ముట్టిండ్రు దీన్ని?"

గంగి మొగుని దిక్కు చూసింది, మొగుడు నేల దిక్కు. "నిన్న... ఒక్క చుట్టు. బాయిల బోల్టుకు ఇంకొక్క చుట్టు ఏస్తెనే నాకు నిద్రవడతది" అన్నడు. గంగి వాళ్ల తండా భాషల ఏందో అన్నది. నాకు ఆ భాష రాదు గని మతలబు తెలిసింది.

పగులగొట్టింది ఆయనే, పట్టుకున్నది ఆయనే. ఇగ నేనెందుకున్నట్టు? పాత అల్యూమినియం హ్యాండిలే మళ్ల ఎక్కించిన. ఆయన మొఖం చూడబుద్ధి కాలే. సగం దారిల ఆ వేళ్లు ఏమైతయో ముగ్గురికీ ఎర్కే.

గంగి కత్తెర అడిగింది. నేను స్టూలు మీద ఏసుకొని కూసునే బొంత గుంజి, నన్ను అడగకుండనే పట్టీలు పట్టీలు కోసింది. కోసి, హ్యాండిల్‌కు రెండు దిక్కుల మందంగ చుట్టుకుంట పోయింది.

"సైకిల్ అమ్మాలన్నది నువ్వే గద?" అన్న.

"అమ్మాలనే ఉన్నదక్కా" అన్నది, చుట్టుడు ఆపకుండ. "గని సగంల దిగొచ్చిన మనిషితోని ఏడాది కాపురం చేసిన. మళ్ల నాతోని గాదు."

అందరికంటె ఆఖరికి వచ్చిండు హీర్యన్న. అప్పటికే బ్యానర్ ఇప్పుతున్నరు. వచ్చిండు గని తొక్కుకుంటనే వచ్చిండు. నాకు ఏడుపొచ్చింది, ఎండ అని చెప్పిన. దిగంగనే గంగి ఆయన చేతులు పట్టుకొని ఒక్కొక్క వేలు ఒత్తింది.

"తెలుస్తందా?"

"లే."

"గిది?"

"లే."

ఆఖరుకు చిటికెనవేలు.

"జర తెలుస్తంది."

గంగి ఆ వేలు ఇడువలే. దాన్నే పట్టుకొని ఇంటి దిక్కు నడిచింది, సైకిల్ సంగతి ఇద్దరికీ యాదికి లేదు. నేనే తోసుకుంట ఎనుక పోయిన.