వీరదుర్గ పడవ, మంగాయమ్మ వడ్డన

గోదావరి పాయ వైనతేయ మీద తెల్లవారడం చూడాలంటే వీరదుర్గ పడవే ఎక్కాలి. లంక మలుపు దగ్గర వాళ్ళ నాన్న గంగబాబు ఇంజను ఆపేస్తాడు. అక్కణ్ణించి ఎవరూ మాట్లాడరు. మంచులో కొబ్బరితోటలు ముందు అసలు కనిపించవు. తర్వాత ఒక్కొక్క చెట్టే వచ్చి ఒడ్డున నిలబడుతుంది. నీళ్ళు కదులుతున్నాయో, మనం కదులుతున్నామో తెలియదు. రిటైరైన డ్రాయింగు మాస్టార్ని, నోరు మూసుకోవడం చేతకానివాణ్ణి, నేను కూడా అక్కడ నోరు మూసుకుంటాను.

ఈ వ్యాపారాన్ని ఆ పిల్ల మస్కట్‌లో కనిపెట్టింది. మామిడికుదురు అవతల మా ఊరికి వంతెన వచ్చాక రేవు దాటించే పని పోయింది. గంగబాబు పడవ ఒడ్డు మీద బోర్లా పడుకుంది. వీరదుర్గ మస్కట్‌లో ఒకరింట్లో వంటపనికి వెళ్ళింది. ఆ వంటగదికి కిటికీ ఉండేది గానీ, కిటికీ అవతల గోడ ఉండేదట. మధ్యాహ్నం గిన్నెలు తోమి కాసేపు నడుం వాల్చినప్పుడు, కళ్ళు మూసుకుని నాన్న పడవ ఎక్కేదట. ఎక్కడ మలుపు, ఎక్కడ కొంగలు, ఎక్కడ నీళ్ళ రంగు మారుతుంది, రోజూ అదే ప్రయాణం. కొన్నాళ్ళకి ఆ పడవలో ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ళకి టీ ఎక్కడ ఇవ్వాలో, పడవ ఎక్కడ ఆపాలో ఆ మగతలోనే తేల్చుకుంది.

తిరిగొచ్చాక దాచుకున్నదంతా పెట్టి పడవకి కొత్త చెక్కలు వేయించింది, తాటాకు కప్పు కట్టించింది, ఫోన్‌లో వీడియోలు పెట్టింది. రేవు పోయాక పడవెందుకని ఊళ్ళో నవ్వారు. నాకు ఒళ్ళు మండి ఇద్దరు ముగ్గురితో మాటలు మానేశాను. అయినా జనం వచ్చారు. రాజమండ్రి నుంచి, విజయవాడ నుంచి కార్లు వేసుకుని మరీ వచ్చారు. ముందు పడవ షికారు, తిరిగొచ్చాక వీరదుర్గ ఇంట్లో భోజనం. చిక్కల్లా ఆ భోజనం దగ్గర వచ్చింది.

వీరదుర్గ తల్లి మంగాయమ్మ వడ్డించడం మొదలుపెడితే ఆవిడ చేతికి బ్రేకులుండవు. రొయ్యలూ గోంగూరా, మెత్తళ్ళ వేపుడు, చేపల పులుసు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా చేతి మీదే వేసేస్తుంది. వచ్చినవాళ్ళు చెయ్యి కడుక్కుని, భోజనానికి ఎంతని అడిగితే మాత్రం నొచ్చుకునేది.

"అన్నానికి డబ్బులేంటండీ? పడవకిచ్చేరు కదా, చాలండి."

పైగా వెళ్ళేటప్పుడు కారు డిక్కీలో కొబ్బరికాయలు కూడా. రేవు నడిచిన రోజుల నుంచీ వాళ్ళింటి పద్ధతి అది. దాటించినందుకు కోతల్లో ఊరంతా ధాన్యం కొలిచేది. పొద్దుపోయి పడవ దిగినవాడు వాళ్ళ అరుగు మీద తినే వెళ్ళేవాడు. ఆ తిండికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. నేను ఊరుకోలేక, ఓ అట్ట మీద భోజనం ధర రంగుల్లో రాసి తెచ్చి ఇచ్చాను. మర్నాడు వెళ్ళి చూస్తే మంగాయమ్మ దాంతో పొయ్యి విసురుకుంటోంది.

"అమ్మకి గట్టిగా చెప్పవేమే?" అని వీరదుర్గ మీద ఎగిరాను.

"ఎలా చెప్పనండీ మాస్టారూ? అక్కడ అన్నేళ్ళు వండేను, బావుందని ఒక్కళ్ళు అన్లేదండి. ఇక్కడ మా అమ్మ పెడతంటే జనం కళ్ళు మూసుకుని తింటన్నారు. అప్పుడావిడ మొహం చూసేరా మీరు?"

చూశాను. అందుకే నా కోపం నాలోనే అణిగిపోయింది.

పడవ మీద వచ్చింది డీజిలుకీ చేపలకీ చాలేది కాదు. దసరా వెళ్ళాక మస్కట్ ఇంటావిడ మళ్ళీ ఫోన్ చేస్తే వీరదుర్గ వస్తానంది. ఆ సంగతి నాతో చెప్పింది గానీ తల్లితో చెప్పలేదు. గుమ్మం నిండా చెప్పులు చూసి, కూతురు పైకొచ్చేసిందని మంగాయమ్మ మురిసిపోతోంది మరి.

డిసెంబర్లో మా చెల్లెలూ, బావగారు సూర్యనారాయణా హైదరాబాదు నుంచి వస్తే పడవకి తీసుకెళ్ళాను. ఆ పొద్దున వీరదుర్గ తల్లిని కూడా బలవంతంగా ఎక్కించింది. నీళ్ళు తోడడానికీ, వలలు దులపడానికీ ఎక్కింది గానీ, ఊరికే కూర్చోవడానికి మంగాయమ్మ మొగుడి పడవ ఎక్కడం అదే మొదలు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు ఓ చివర ఒదిగి కూర్చుంది.

మలుపు దగ్గర ఇంజను ఆగింది. మంచులోంచి చెట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. మంగాయమ్మ చెయ్యి నీళ్ళలో పెట్టి అలాగే ఉంచేసింది.

"మన ఏరు ఇలాగుంటదా," అంది.

"ఇదేనే అమ్మా, నాకక్కడ కలలోకొచ్చేది." వీరదుర్గ తల్లి వైపు చూడకుండా నీళ్ళనే చూస్తూ చెప్పింది. "మళ్ళీ కలలోనే చూసుకోవాలి. వచ్చేనెల వెళ్ళిపోతన్నాను. ఒప్పేసుకున్నాను."

"ఎందుకే? ఇంతమంది వస్తన్నారు కదా."

"వస్తన్నారమ్మా. నువ్వు పెడతన్నావు, తినేసి వెళ్తన్నారు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అదే నాకు మరీ బాధనిపించింది. గంగబాబు ఇంజను జోలికి పోలేదు. పడవ తనంతట తనే కొంతదూరం పోయింది.

ఇంటికొచ్చాక మంగాయమ్మ ఎప్పటిలాగే వడ్డించింది. చెయ్యి ఏమాత్రం తగ్గలేదు. సూర్యనారాయణ బావగారు చెయ్యి కడుక్కుని, "భోజనానికి ఎంతమ్మా?" అని అడిగేశారు. ఆవిడ నొచ్చుకుంటుందని నేను కళ్ళతో వద్దు వద్దంటూనే ఉన్నాను.

మంగాయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చెయ్యే మళ్ళీ తుడుచుకుంది. గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు ఒకసారి చూసింది. ఇన్నేళ్ళూ పెట్టడమే తప్ప చాపడం ఎరగని ఆ చెయ్యి ముందుకొచ్చింది.

"మీకు తోచింది ఇవ్వండి," అంది తలొంచుకుని. "అన్నానికి కాదండి. మా అమ్మాయి ఇక్కడుండడానికండి."