పొగ రాని ఇంజను

1954వ సంవత్సరం. ఏలూరులో ఇంజన్లు, పంపులు అమ్మి బాగుచేసే ఒక షాపులో నేను హెడ్ మెకానిక్‌ని. వానాకాలం వస్తే మాకు షాపులో కంటే కొల్లేటి ఒడ్డు ఊళ్ళలోనే పని ఎక్కువ. సరస్సు పొంగినప్పుడు పైరు మునగకుండా పొలాల చుట్టూ గట్లు వేసుకుంటారు. అయినా గట్టు అడుగునుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. పూర్వం దాన్ని గూడలతో, అంటే ఇద్దరు చెరోవైపు తాళ్ళు పట్టి ఊపే బుట్టలతో, తోడిపోసేవారు. పడవలో వేసుకెళ్ళగలిగిన, ఇద్దరు మనుషులు మోయగలిగిన చిన్న పెట్రోలు పంపులు అప్పుడే కొత్తగా వచ్చాయి.

అవి టూ-స్ట్రోక్ ఇంజన్లు. లారీ ఇంజనులో నూనెకు వేరే చోటు ఉంటుంది. వీటిలో ఉండదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. ఆ నూనే పిస్టనుకూ సిలిండరుకూ మధ్య పొరలా నిలబడి, చివరికి పొగై బయటికి పోతుంది. అందుకే ఏ నూనె కలపాలన్నది చిన్న విషయం కాదు. ఆ విషయంలో నేనిచ్చిన సలహా వల్ల ఏసుపాదం అనే మనిషి నాలుగేళ్ళపాటు దొంగ అనిపించుకున్నాడు.

ఏసుపాదం సత్యనారాయణగారి పంపు నడిపేవాడు. సత్యనారాయణగారు కొల్లేటి ఒడ్డున సాగుచేసే రైతు. ఆశ్వయుజంలో ముసురు పట్టింది. పైరు పొట్ట మీద ఉంది, కంకి ఇంకా బయటపడలేదు. ఆ దశలో నీట మునిగితే ఆ ఏటికి ఆశ వదులుకోవడమే. ఆయన నూనె కోసం షాపుకి వచ్చారు. పంపు కంపెనీవాళ్ళు వాడమన్న నూనె అయిపోయింది. బెజవాడ నుంచి రావలసిన సరుకు రాలేదు. లారీ ఇంజన్లకు పోసే నూనె మాత్రం ఉంది.

"ఇది పనికి రాదంటారా?" అని అడిగారు.

"పనికొస్తుందండి. దీనికంటే మంచిది ఇంకోటి ఉంది. ఆముదం."

ఆయన నవ్వారు. "ఇంజనుకి విరేచనాలు పట్టుకోవు గదా మేస్త్రీగారూ?"

నేనూ నవ్వాను. మద్రాసులో పని నేర్చుకునేటప్పుడు మోటారు సైకిలు పందేలవాళ్ళు పెట్రోలులో ఆముదం కలపడం చూశాను. ఎంత వేడికైనా ఆ పొర తెగదని వాళ్ళు చెప్పగా విన్నాను. వాళ్ళు స్పిరిటు కూడా పోసేవారనీ, ఒట్టి పెట్రోలులో ఆముదం కలిసినట్టే కలిసి తర్వాత అడుక్కి దిగిపోతుందనీ నాకు తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు. జంగారెడ్డిగూడెం వైపు గానుగ ఆముదం బజారులో దొరుకుతోంది. అదే పట్టుకెళ్ళమన్నాను.

మర్నాడు గొట్టాలు మార్చడానికి పడవ మీద వాళ్ళ పొలానికి వెళ్ళాను. ఏసుపాదం నా ఎదుటే పాళ్ళు కొలిచి, డబ్బా బాగా కుదిపి ఇంజనులో పోశాడు. పంపు చక్కగా నడిచింది. సాయంత్రానికి వాన వెలిసింది. ఇంజను ఆపి, నేను అక్కడే ఉండిపోయాను.

తెల్లవారేసరికి మళ్ళీ వాన. లోపలి నీరు పైరు నడుము దాకా వచ్చింది. ఏసుపాదం తాడు లాగుతున్నాడు, ఇంజను అందుకోవడం లేదు. స్పార్కు ప్లగ్గు విప్పి చూస్తే జిడ్డుగా తడిసి ఉంది.

"పెట్రోలులోకి నీళ్ళు దిగాయి. ట్యాంకు అడుగున ఉన్నదంతా వదిలెయ్" అన్నాను.

కుళాయి తిప్పాడు. చిక్కగా, తీగలా సాగుతూ దిగింది.

"పారబోసెయ్యమంటారా అండీ?"

"పారబొయ్యి. డబ్బాలోనూ నీళ్ళు దిగే ఉంటాయి, కుదపకు. పైనున్న తేట వంచి పొయ్యి, అడుగుది రానీకు."

అలాగే చేశాడు. ఈసారి ఒక్క లాగుకే అందుకుంది. ఇంజను అంత తేలిగ్గా పలకడం నేనెప్పుడూ వినలేదు. గొట్టంలోంచి నీరు దూకింది.

"పొగ కూడా లేదు మేస్త్రీగారూ, కొత్త పెళ్ళికొడుకులా ఉంది" అన్నారు సత్యనారాయణగారు.

నాకు గర్వంగా అనిపించింది. నీటి అంచున గుచ్చిన పుల్ల వైపే అందరం చూస్తున్నాం. నీరు తగ్గడం మొదలైంది. ఆ తర్వాత ఇంజను గొంతు సన్నబడింది. ఇనుము మీద ఇనుము రాసుకుంటున్నట్టు కీచుమని చప్పుడు. ఏసుపాదం ఆపడానికి చెయ్యి చాచేలోగానే అది ఆగిపోయింది. తాడు లాగితే కదలలేదు. పిస్టను సిలిండరుకి పట్టేసింది. మేం సీజ్ అవడం అంటాం.

ఊళ్ళోవాళ్ళు గూడలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఏసుపాదం అందరికంటే ముందు దిగాడు, అందరికంటే ఆఖర్న గట్టెక్కాడు. పల్లపు చేలన్నీ పోయాయి.

షాపులో సిలిండరు విప్పినప్పుడు లోపలంతా గీతలు. మా యజమాని వేలు పెట్టి రాసి చూసి, "నూనె చుక్క లేదండీ దీంట్లో. ఒట్టి పెట్రోలు మీద నడిపారు" అన్నాడు.

సత్యనారాయణగారు ఏసుపాదం వైపు తిరిగారు. "ఒరే, ఆముదమని ఇంటికి పట్టుకుపోయావురా? దీపానికా, పిల్లల తలలకా?"

"మేస్త్రీగారి ముందే కలిపానండి. ఆయన్ని అడగండి."

అందరూ నన్ను చూశారు. ట్యాంకులోంచి పారబోయించిన ఆ చిక్కటిది ఆముదమేనని నాకు ఆ నిమిషంలోనే అర్థమైంది. ఉద్యోగం గుర్తొచ్చింది. "ముందురోజు కలిపాడండి. ఆ పొద్దున్న సంగతి నేను సరిగా గమనించలేదు" అన్నాను.

ఏసుపాదం షాపు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ ఏడు తిరక్కుండానే అతని కుటుంబం ఊరు విడిచిపోయిందని విన్నాను.

నాలుగేళ్ళ తర్వాత తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లు ఇంజను చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఊక బస్తాలు మోస్తూ కనిపించాడు. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం భరించలేక వాళ్ళింటికి వెళ్ళాను. అతని భార్య మరియమ్మ కూడా ఉంది. ఇద్దరి ముందూ జరిగిందంతా చెప్పాను.

మరియమ్మే మాట్లాడింది. "ఆ ఊళ్ళో నేను దీపం వెలిగిస్తే, ఎవరి నూనె అమ్మా అని అడిగేవారండీ. ఆఖరికి పొద్దుండగానే వండేసుకుని చీకట్లో కూర్చునేవాళ్ళం."

నేను క్షమించమన్నాను.

"మాకు చెబితే ఏం లాభమండీ? మేం తియ్యలేదని మాకు తెలుసు గదా. తెలియనోళ్ళకి చెప్పండి."

ఆ ఆదివారమే కొల్లేటి ఊరికి వెళ్ళి, సత్యనారాయణగారి అరుగు మీద పదిమందిలో చెప్పాను. ఆయన, "ఏసుపాదాన్ని రమ్మనండి, మళ్ళీ పెట్టుకుంటాను" అన్నారు. కబురు చేశాను. ఏసుపాదం వెళ్ళలేదు.

ఇప్పుడు నేను ఏ కొత్త నూనె అయినా గాజు సీసాలో పెట్రోలుతో కలిపి, మర్నాటిదాకా కదపకుండా ఉంచి చూడనిదే వాడమని ఎవరికీ చెప్పను. సీజ్ అయిన ఇంజను వస్తే, నడిపినవాణ్ణి అడిగే ముందు, అతనికి ఎవరేం చెప్పారో అడుగుతాను. ఆ రోజు అరుగు మీద లేనివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కనుక ఇక్కడ రాస్తున్నాను: ఏసుపాదం నూనె కలిపాడు, కొలత తప్పలేదు. దాన్ని పారబోయించింది నేను.