ఆఫీసులో ఇవ్వని కాగితం

బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ యూనిట్ల ముందునుంచి పోతుంటే కొత్తగుడ్డ వాసనా మిషన్ నూనె వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి. ఎంత పనిమీద ఉన్నా నా బండి నెమ్మదిస్తుంది. తొంభైల్లో నేను అక్కడ చొక్కాలకు కాలర్లు కుట్టేదాన్ని. మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే గేటు దగ్గరికి రత్నక్క వచ్చేది. భుజాన రెగ్జిన్ సంచి, నుదుట బొట్టు లేదు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. ఆవిడ జీవిత బీమా ఏజెంటు. నా చేత మొదటి పాలసీ కట్టించింది, ఆ తర్వాత మిషన్ మీదనుంచి లేపి నన్నూ ఏజెంటును చేసింది.

ఆవిడ పద్ధతి ఒకటుండేది. ఇంటి ఇల్లాలు వంట వదిలి వచ్చి చాపమీద కూర్చుంటే గాని పెన్ను మూత తీసేది కాదు. అనంతపురం వైపునుంచి వచ్చిన ఒక తాపీమేస్త్రీ ఇంట్లో జరిగింది నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. నామినీగా భార్య పేరు రాద్దామంటే ఆయన గొంతు తగ్గించాడు.

"వద్దక్కా. సావు కాగితంలో దాని పేరు రాస్తే అపశకునం. మా అన్న పేరు రాయి."

"నా మొగుడూ నీమాదిరే అప్పా. నామీద ప్రేమతోనే వాళ్ళన్న పేరు రాసిండె. వాళ్ళన్న మంచోడే. రూపాయి ఆయన పెండ్లాం చేతికి పోయినాక మంచితనం ఏం చేస్తాది? తాళి ఉండేది మెడలో, కాగితంలో కాదు. రామ్మా, నీ పేరు నువ్వే చెప్పు."

ఆ ఇల్లాలు మొగుడి ముఖం చూసి, కొంగు సర్దుకుని, తన పేరు చెప్పింది. బయటికొచ్చాక రత్నక్క వక్క నమిలి, "ఆ ఒక్క గడి కోసమే నేను ఇల్లిల్లూ తిరిగేది మంజుళా," అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేనూ ఊరంతా తిరిగి అదే పాఠం చెప్పాను. భయపడినవాళ్ళను చూసి మనసులో నవ్వుకున్నాను కూడా.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఆవిడకు ఆయాసం ముదిరింది. పిల్లలు లేని మనిషి, మెట్లెక్కలేక ఒంటిగది ఇంట్లోనే ఉండేది. ఒకరోజు నేను రాగిజావ పట్టుకెళితే, దిండు కిందనుంచి తన పాలసీ బాండూ ఒక కాగితమూ తీసి ఇచ్చింది. అందరి కాగితాలూ సరిచేసిన మనిషి, తన నామినీ గడిలో ఎప్పుడో పోయిన తల్లి పేరే ఉంచుకుంది. ఇప్పుడు నామినీ కూడా కాదు, పాలసీనే నా పేరుకు మార్చేస్తోంది. ఎందుకు ఇస్తున్నారో రాయాల్సిన చోట తన గుండ్రటి అక్షరాలతో 'ప్రేమాభిమానాల చేత' అని రాసింది.

"ఇది ఆఫీసులో ఇచ్చిరా."

"ఇప్పుడేం తొందరక్కా?"

"తొందర నాకమ్మా, నీకు కాదు."

ఇవ్వలేదు. రెండుసార్లు ఆఫీసు గుమ్మందాకా పోయి, సంచి తెరవకుండానే వచ్చేశాను. ఆ కాగితం ఇస్తే నా చేతులతో నేనే ఆవిడను సాగనంపినట్టవుతుందనిపించింది. చెప్పేవి శ్రీరంగనీతులన్న సామెత నాకే అతికినట్టు సరిపోయింది. వెళ్ళినప్పుడల్లా "ఇచ్చినావా?" అని అడిగేది. "ఇస్తాలే అక్కా" అనేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. చివరిసారి మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, "పోనీలేమ్మా, నీకు మీ అమ్మ ఉండాది గదా," అంది.

నాకు అర్థమయ్యేసరికి గది బయట ఉన్నాను. ఆ వానాకాలంలోనే ఆవిడ పోయింది. ఆ కాగితంతో ఆఫీసుకు పోవడానికి నాకు మొహం చెల్లలేదు. బాండు ఆవిడ బావగారి పిల్లలకు ఇచ్చేశాను. చట్టప్రకారం వాళ్ళకు రావలసిందే, దాని గురించి నాకు బాధ లేదు. బతికున్నన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళందరికీ వాళ్ళ మనిషి పేరు రాయించిన రత్నక్క, తనకంటూ ఒక పేరు రాసుకుని నా చేతికిస్తే, తనకు కూతురినవడానికి నేను ఒప్పుకోలేదనుకుని పోయింది. ఆ చివరి రోజు ఆవిడ గది గుమ్మం దగ్గరనుంచి వెనక్కి తిరిగి ఒక్క మాట అనివుంటే సరిపోయేది. ఇన్నేళ్ళుగా ఆ మాట నాలోనే మిగిలిపోయింది: "ఉండాది అక్కా. అయినా నువ్వూ కావల్ల నాకు."