ప్లేటులో అక్క గొంతు

మొన్న మా మనవరాలు కడపలో ఏదో పాటకచేరీకి వెళ్లి, ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. ఆ గాయకుడి పాటలు ఫోనులో వింటుంటే ప్రాణం లేచి వచ్చేదట, తీరా ఎదురుగా కూర్చుని వింటే మధ్యమధ్య ఆయాసపడ్డాడట, ఒకచోట దగ్గాడట, ఫోనులో ఉన్నంత నున్నగా లేనేలేదట, టికెట్టు దండగైపోయిందట. నాకు ఎక్కడలేని కోపమూ ముంచుకొచ్చి, మనిషన్నవాడు దగ్గడా అని గట్టిగా కసిరాను. పిల్ల బిత్తరపోయింది. దానికేం తెలుసు పాపం! ఫోనులో ఉన్నట్టు లేదన్న ఆ మాట నాకు కొత్త కాదు, ఆ మాటే మా అక్క గొంతును పొట్టన పెట్టుకుంది. మైకుసెట్లు వచ్చిన కొత్తలో మన పెళ్లిపందిళ్లలో మోగిన గ్రామఫోను ప్లేట్లు గుర్తున్న నా ఈడువాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్లతోనైనా ఈ సంగతి చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా అమ్మ పోయాక, నా పెళ్లయ్యేదాకా నేను ప్రొద్దుటూరులో అక్క ఇంట్లోనే ఉన్నాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. అక్క పాడేది, బావ హార్మోనియం వాయించేవాడు, నేను వాళ్ల వెనక కూర్చుని శ్రుతిపెట్టె తిత్తి ఆడించేదాన్ని. అక్కకు పాట నేర్పింది బావే; కాపురానికి వచ్చిన పిల్ల పొయ్యి ముందు కూనిరాగం తీస్తుంటే విని, ఇంత గొంతు పెట్టుకుని ఊరకుంటావా అని హార్మోనియం ముందు కూర్చోబెట్టాడట. తత్వాలు, మేలుకొలుపులు, మంగళహారతులు, ఇవీ ఆమె పాటలు. బ్రహ్మంగారిమఠంలో ఆరాధనకు వెళ్లినా, తొండూరులో ఎవరింట్లో భజన అయినా, అక్క నోరు విప్పిందంటే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు.

అక్కది సన్నగొంతు కాదు. కాస్త బరువుగా, కిందికి దిగి, ముదురుపాకంలా సాగే గొంతు. హార్మోనియం మెట్లకు అంకెలు ఉంటాయి కదా, వాటిలో ఐదు శ్రుతి ఆమెకు పుట్టినిల్లు అనేవాడు బావ. అది దాటి పైకి పోతే మెడనరాలు బిగుసుకునేవి. ఎదురుగా కూర్చున్న ఏ ముసలమ్మో కళ్లొత్తుకుంటే ఆ చరణమే మళ్లీ ఎత్తుకునేది, ఇంకోవిధంగా తిప్పేది, మధ్యలో ఆగి ఒక గుక్క నీళ్లు తాగి మళ్లీ అందుకునేది. ఒక తత్వం మొదలుపెడితే అది ఎప్పుడు ముగుస్తుందో ఆమెకే తెలియదు. మొన్న కమలాపురంలో పాడినట్టు నేడు జమ్మలమడుగులో పాడేది కాదు, అలా పాడాలని ఎవరూ అడిగేవాళ్లూ కాదు.

అలాంటి అక్కను ప్లేట్ల కంపెనీవాళ్లు మద్రాసుకు పిలిపించారు. మేము ముగ్గురమూ వెళ్లాము. కిటికీలు లేని గదిలో కూర్చోబెట్టి, ఎర్రదీపం వెలిగితే మొదలుపెట్టు, చెయ్యి ఎత్తితే ముగించు అన్నారు. ప్లేటుకు ఒకవైపున పట్టేది మూడు నిమిషాల పైచిలుకే కాబట్టి తత్వంలో సగం చరణాలు కోసేశారు. బావ మాత్రం శ్రుతి దగ్గర పట్టుబట్టి ఐదులోనే పెట్టించాడు. బయటికి వచ్చాక అక్క నవ్వి, "పాట పాడినట్టు లేదే, కదిలే రైలు ఎక్కినట్టుండాది" అంది.

ఆ ప్లేటు మా ఊరికి రాగానే మొదట కొన్నది మైకుసెట్టు మామ. మా వీధి చివర కాఫీ హోటలు పక్కన ఆయన అంగడి. ముస్లిముల ఇంటి మనిషి, గడియారాలు బాగుచేసే పనిలోంచి గ్రామఫోనులోకి, అందులోంచి మైకుసెట్టులోకి వచ్చినవాడు, ఊరందరికీ మామే. ముహూర్తాల నెలల్లో జమ్మలమడుగు, పులివెందుల, వాటి చుట్టూ ఉన్న పల్లెలు, ఎక్కడ పెళ్లయినా ఆయన గొట్టాలు ఎద్దులబండి ఎక్కి బయలుదేరేవి. అయితే మైకుసెట్లవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. పందిట్లో పదిమంది మాట్లాడుకుంటుంటే, దూరానికి పాట ఖంగుమని వినపడాలని, గ్రామఫోనులో వేగం హెచ్చించే చిన్న మీటను కాస్త ముందుకు తోసి పెట్టేవాళ్లు. ప్లేటు వడిగా తిరిగితే పాట ఒక్కటే వడిగా రాదు, గొంతు కూడా పైకి లేస్తుంది. ఐదు శ్రుతిలో పాడిన మా అక్క ఆ గొట్టంలోంచి ఆరు శ్రుతిలో, పెళ్లికాని పిల్లలాగా, సన్నగా, చురుగ్గా పలికేది. మా ఇంట్లో గ్రామఫోను ఎక్కడిది? మేమూ దూరంనుంచే వినేవాళ్లం. గొట్టంలో గొంతు అట్లనే మారుతుందేమోలే అని అక్క సంబరపడేది, బావ మాత్రం తల పక్కకు వంచి విని ఏదో గొణుక్కునేవాడు.

ఆ ఏడు దసరాకు ప్రొద్దుటూరు అమ్మవారి గుడి ముందు అక్క కచేరీ పెట్టారు. ప్లేటు పాడిన మనిషిని కళ్లారా చూద్దామని పల్లెల నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారు. దీపాలు పెట్టే వేళకు అక్క తన ఐదు శ్రుతిలో, తన బరువైన గొంతుతో, నిదానంగా ఆ తత్వమే ఎత్తుకుంది. నేను శ్రుతిపెట్టె ఆడిస్తూ జనం వైపు చూస్తున్నాను. మొహాలు మొహాలు చూసుకుంటున్నారు. మెల్లగా గుసగుసలు మొదలయ్యాయి. ముందువరసలో ఒకామె పక్కామెతో, నాకు వినపడేట్టే, "ప్లేటు ఏసింది ఈయమ్మ కాదంట మే. ఈమెది మొగగొంతు మాదిరుండాది" అంది. ఆ మాట గుడి గడప దాటి బజారుకు పోయేటప్పటికి, ఎవరో పాడితే ఈమె పేరు వేసుకుందట అనేదాకా పెరిగింది. లోకులు కాకులు అంటారు గాని, కాకుల గోల చెవుల్లో పడ్డాక నిద్ర ఎక్కడ పడుతుంది? అక్క ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు బావ శ్రుతిపెట్టె చంకన పెట్టుకుని, మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని మామ అంగడికి పోయాడు. ప్లేటు వేయించి, శ్రుతిపెట్టె మోగించి, "ఏంది మామా ఇది, నీ మిషను ఉరుకుతాండాది. మేం పాడింది ఐదు, ఇది పలికేది ఆరు" అన్నాడు. మామ ఏమీ దాచలేదు. అందరమూ అట్లే పెడతామప్పా అని మీట వెనక్కి లాగాడు. అప్పుడు వినపడింది మా అక్క గొంతు, వంటింట్లో విన్న గొంతు, అచ్చంగా అదే. అక్క మొహం చేటంత అయింది. ఇంతలో పక్క హోటల్లో కాఫీ తాగేవాళ్లలోంచి ఒకడు కేక వేశాడు. "మామా, కీ ఇయ్యి! నీ మిషను తూగుతాంది!" ఇంకొకడు, "రాత్రి ఇంట్లో బువ్వ పెట్టలేదేమో దానికి" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఆమె నిజమైన గొంతు విని, మరబొమ్మకు కీ తగ్గినట్టు అనుకున్నారు వాళ్లు! మామ చెయ్యి అలవాటుకొద్దీ మీట ముందుకు తోసింది. హోటలు సద్దుమణిగింది.

"నేనేం చేయల్ల అమ్మీ, ఊరికి ఈ గొంతే అలవాటయిపాయె" అన్నాడు మామ తల వంచుకుని. "నేను తగ్గిస్తే ఇంకొకడు పెంచుతాడు."

ఆ సాయంత్రం అక్క హార్మోనియం ముందు కూర్చుని, ఆరుకు పెట్టమంది. బావ కోప్పడ్డాడు, బతిమాలాడు, "నీ గొంతుకు అది పై మెట్టు, తెగిపోతాది" అని చివరకు చేతులు పట్టుకున్నాడు. "తెగితే తెగనీ" అంది అక్క. "నా పాట నాది కాదంటాండారే, ఆ మాట మోసుకోని ఎట్ల తిరిగేది?" మా అక్క మొండిది కాదు. జీవితంలో ఆమె బావ మాట కాదన్నది ఆ ఒక్కసారే.

జమ్మలమడుగులో ఒక పెద్దింటి పెళ్లిలో మొదటిసారి ఆరు శ్రుతిలో పాడింది. ప్లేటులో ఎన్ని చరణాలున్నాయో అన్నే పాడింది, ప్లేటులో ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే తీసుకుంది, ప్లేటు ఆగినట్టే ఠక్కున ఆపింది. ఎవరు కళ్లు తుడుచుకుంటున్నారో కూడా చూడలేదు. పందిరంతా చప్పట్లు. ఆడవాళ్లు వచ్చి బుగ్గలు పుణికి, "అచ్చం ప్లేటు మాదిరే పాడినావు తల్లీ" అన్నారు. అంతకుముందు ఆమె పాట విని ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పేవాళ్లు, ఒకరు అమ్మ గుర్తొచ్చిందనీ, ఒకరు మనసు తేలికపడిందనీ. ఇప్పుడు అందరిదీ ఒకటే మాట. అక్క ఆ మాటకే మురిసిపోయింది.

తర్వాత పిలుపులకు కొదవ లేదు. పొద్దున లేస్తే మిరియాల కషాయం, ఉప్పునీళ్ల పుక్కిలింత. గొంతు మిగుల్చుకోవాలని పగలంతా మాట మానేసి సైగలతో కాపురం చేసేది. కూరలో ఉప్పు ఎక్కువైందని బావ అంటే వేలు పెదవి మీద పెట్టుకుని నవ్వేది. పొయ్యి ముందు కూనిరాగం ఎప్పుడో ఆగిపోయింది. ఒకసారి ఉమ్మిలో నెత్తురు జీర కనపడితే, బావకు చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకోబోయింది. నేను పెట్టలేదు, పరుగున పోయి చెప్పాను. ఆయన ఆ వారం ఒప్పుకున్న పులివెందుల కచేరీ ఒక్కటి అయ్యాక ఇక పాట కొన్నాళ్లు మానాలని చెప్పి ఒప్పించాడు. ఆ ఒక్కటీ మానిపించి ఉండకూడదా అని ఆ తర్వాత జీవితాంతం కుమిలాడు.

పులివెందులలో పొద్దు గుంకుతుండగా కచేరీ మొదలైంది. ఆరోజు మైకుసెట్టు మామదే. తత్వం పల్లవి అయింది. చరణంలో పైకి వెళ్లే చోట అక్క నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ గాలే. జనం ఇంకా అర్థం కాక చూస్తున్నారు. బావ హార్మోనియం ఐదుకు దించి, నన్నూ శ్రుతి దించమని కళ్లతోనే చెప్పి, ఆ చరణాన్నే మెల్లగా వాయిస్తూ, పసిబిడ్డను నడిపించినట్టు ఆమెను పిలిచాడు. తన పుట్టింటి శ్రుతిలో కూడా అక్క పలకలేకపోయింది. వెనకనుంచి ఈలలు మొదలయ్యాయి. ఆ ఈలలు భరించలేక, అక్క పరువు కాపాడాలనే పాపం, మామ ప్లేటు వేశాడు.

గొట్టంలోంచి అక్క గొంతు ఖణీమని లేచింది. ఈలలు ఆగిపోయాయి. జనం సర్దుకుని కూర్చున్నారు, తలలు ఊపారు. నా శ్రుతిపెట్టె ఐదులో మోగుతోంది, ప్లేటు ఆరులో పాడుతోంది. రెండూ కలవక చెవుల్లో గరగరమంటుంటే బావ నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. అక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేదిక మీద నిటారుగా కూర్చుని, ఆ గొట్టం వైపే చూస్తూ తన పాట తాను చివరిదాకా వింది. పాట అయ్యాక జనం చప్పట్లు కొట్టారు. అక్క లేచి వాళ్లకు దణ్ణం పెట్టింది.

కడప డాక్టరు మందులిచ్చాడు, మౌనం ఉండమన్నాడు. కొన్ని నెలలకు మాట వచ్చింది, బొంగురుగా. పాట రాలేదు. మామ మా గడపలో కూర్చుని, నా చెయ్యి విరిగిపోనూ అని తల బాదుకుంటే అక్కే ఆయనకు మంచినీళ్లు ఇచ్చి ఓదార్చింది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది, పిల్లల్ని పెంచింది, వీధిలో ఎవరి పెళ్లిలోనైనా ఆ ప్లేటు మోగితే చేస్తున్న పని ఆపేది కాదు. బావ హార్మోనియం మీద గుడ్డ కప్పాడు, మళ్లీ తీయలేదు.

ఇప్పుడు ఎవరికీ అలాంటి కష్టం లేదంటారు. పాటను దిద్దే యంత్రాలు వచ్చాయట, మెట్టు తప్పితే అదే సవరిస్తుందట, దగ్గు ఉంటే తుడిచేస్తుందట. అలా తుడిచిన పాటను నెలల తరబడి విని, తర్వాత మనిషి ముందు కూర్చుని ఆ మనిషిలో లోపాలు వెతుకుతున్నారు. మా కాలంలో మీట తోసింది ఒక మామ, ఆయన ఎవరో మాకు తెలుసు, ఏడిస్తే కలిసి ఏడ్చాము. ఇప్పుడు ఆ మీట ఎవరి చేతిలో ఉందో వినేవాళ్లకూ తెలియదు, పాడేవాళ్లకూ తెలియదేమో.

అక్క పోయింది, బావ పోయాడు, మామ పోయాడు. ఐదు శ్రుతిలో, మూరెడు దూరంలో కూర్చుని అక్క పాట విన్నవాళ్లలో బహుశా నేనొక్కదాన్నే మిగిలాను. మధ్యాహ్నాలు కళ్లు మూసుకుని ఆ బరువైన గొంతును గుర్తు తెచ్చుకోవాలని కూర్చుంటాను. అక్క మొహం వస్తుంది, పెదవులు కదలడం కనపడుతుంది. వినపడేది మాత్రం, ఎంత ప్రయత్నించినా, ప్లేటులోని సన్నగొంతే.