వెండి కాగితంలో కంది కాయ

నా పరిశోధన కోసం లేత కంది కాయలకు వెండి కాగితం చుట్టింది చిలుకమ్మే. రోజూ ఊరి నుంచి ఆటోలో వరంగల్‌కు కూలికి వచ్చేది. ఆకుల జోలికి పోవద్దని, కాయకు మాత్రం ఎండ తగలకూడదని చెప్పాను.

కోతనాడు కాగితం విప్పి కాయలు ఒలిచింది. గింజలు చిన్నగా, ముడతలు పడి ఉన్నాయి.

"ఆకులన్నీ పచ్చగనే ఉండె గద మేడం, గింజెందుకు తాలైంది?"

"ఆకు ఒక్కటే కాదు చిలుకమ్మా. పచ్చి కాయ గూడ ఎండతోని తిండి తయారుచేసి గింజకు పెడ్తది. కాయను మూస్తే గింజకు తిండి తక్కువైతది."

గింజలు పిడికిట్లో పట్టుకుని తన మొదటి కాన్పు సంగతి చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డ పెద్దగైతే కాన్పు కష్టమని అత్త పూటకు నాలుగు ముద్దలే పెట్టేదట. దవాఖానలో పుట్టిన ఆడపిల్ల కిలోన్నర కూడా తూగలేదు. మూడో రోజు పోయింది.

"నీ కడుపే మంచిది గాదని తిట్టిండ్రు మేడం. ఇరవయ్యేండ్ల సంది నేను గూడ గట్లనే అనుకుంటున్న."

తూకం వేయడానికి గింజలిమ్మని చెయ్యి చాపాను. చిలుకమ్మ పిడికిలి విప్పలేదు.