కేరింతకు కట్టిన చీర

ఆ రోజుల్లో ఒక మాట అర్థం తెలియడమంటే నిఘంటువులో దాని పక్కన ఏముందో తెలియడమేనని నా గట్టి నమ్మకం. తెలుగు ఎం.ఏ. పట్టా కొత్తది, మీసం ఇంకా కొత్తది. తిరుపతిలో ఒక ప్రైవేటు బడివాళ్లు డెమో క్లాసు చెప్పమన్నారు (ఎండాకాలం సెలవుల్లోనూ పిల్లల్ని వదలని బడి అది). ఆ ఉద్యోగం దక్కకపోతే రేణిగుంటలో మామ గోదాముకు కాపలా కాయడమే నా గతి. అందుకని 'కేరింత' అనే మాటను ఎంచుకుని, అది 'కేరు' అనే క్రియ నుంచి పుట్టిందనీ, సంతోషం పట్టలేక చేసే ధ్వని అనీ, 'కేరింతలు కొట్టారు' అని వాడాలనీ అద్దం ముందు వల్లె వేశాను.

తీరా చూస్తే ఆ రోజే గంగమ్మ జాతర. నాకు చిన్నప్పుడు అమ్మవారు పోస్తే, బతికి బట్టకడితే ఆడవేషం కట్టిస్తానని మా అమ్మ మొక్కుకుంది. సిగ్గుతో ఏటేటా తప్పించుకు తిరిగాను. ఆ ఏడు అమ్మ వదల్లేదు. "మొక్కు తీర్సకుండా ఉద్యోగానికి పోతావా? ఆయమ్మకు కోపమొస్తే ఉండే మీసం గూడా ఊడిపోతాది, సూడు!" అంది. ఎర్రచీర, గాజులు, సవరంతో జడ, జడ నిండా పూలు. పొద్దున్నే వెళ్లి వచ్చేద్దామనుకున్నాను గానీ, గుడి దగ్గర ఆ జనం కదలనిస్తేనా? బట్టలు మార్చుకునే వ్యవధి లేక చీరతోనే బడికి పరుగెత్తాను.

తరగతిలో అడుగుపెట్టగానే వెనక బల్ల మీదున్న, బడి నడిపే కరస్పాండెంటమ్మ లేచి నిలబడింది. ఆమె నవ్వగా చూసినవాళ్లు లేరని ఊళ్లో ప్రతీతి. ఇక రేణిగుంటే అనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి నాకు చేతులు జోడించింది! (జాతర వేషం కట్టినవాడు మా ఊళ్లో అమ్మవారితో సమానం మరి.) పిల్లలూ లేచి దండం పెట్టారు. అంత భక్తి మధ్య వ్యాకరణం చెప్పే కష్టం పగవాడికి కూడా వద్దు. ధాతువన్నాను, ప్రయోగమన్నాను. ఒక్క ముఖమూ కదల్లేదు.

బోర్డు మీద మాట రాసి విసురుగా వెనక్కి తిరిగాను. సవరం ఊడి, పూలతో సహా ఎగిరి వెళ్లి కరస్పాండెంటమ్మ ఒళ్లో పడింది. ముందు బల్ల పాప నోరు తెరిచి, "అమ్మోరిది గూడా సవరమేనా సార్?" అంది.

ముందుగా నవ్వింది కరస్పాండెంటమ్మే. తర్వాత గది మొత్తం. బల్లలు చరుస్తూ, ఒకరి మీద ఒకరు పడుతూ, ఊపిరాడక కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నా ఒళ్లు గగుర్పొడిచింది. వాళ్లు నన్ను వెక్కిరించడం లేదు, సంతోషాన్ని లోపల ఆపుకోలేక వదిలేస్తున్నారు. నేను వల్లించిన మాట ఇదా? ఇంత పెద్దదా? ఉద్యోగం సంగతే మరిచిపోయి, గుడిలో కూడా కలగని భక్తితో చేతులు జోడించాను.

ఆమె సవరం తెచ్చి నా చేతికిచ్చింది. "ఇంగ అర్థం సెప్పే పన్లేదు నాయనా. సోమవారం నుంచి వచ్చేయ్. సీర మాత్రం వొద్దు."

ఇప్పటికీ అక్కడే పాఠాలు చెబుతున్నాను. ఈ కాలపు పిల్లలు ఏ మాటకైనా ఫోనులోనే అర్థం చూసుకుంటారు. 'కేరింత' వచ్చినప్పుడు మాత్రం నేను ఈ కథ చెప్పి, గోడకు ఆనుకుని వాళ్ల నవ్వులు వింటూ నిలబడతాను. మొన్న ఒక పాప, "ఈసారి జాతరకు మళ్లా కట్టండి సార్!" అంది. బట్టతల నిమురుకుంటూ, "సవరం తగిలించుకునేదానికి జుట్టు యాడుందమ్మా?" అన్నాను. మళ్లీ అదే కేరింత. ఆ జడ ఊడిన కుర్రాణ్ణి తలచుకుంటే నాకిప్పుడు కాస్త అసూయే.